బలిమియు చెలిమియు: ఊరికి వ్యాయామశాల యేల?

(దివిసీమ ఉప్పెన మృతుల స్మృత్యర్థము హంసలదీవియందు చేసిన ఉపన్యాసము)



కృష్ణవేణి కడలిలో కలిసిపోవు ఈ హంసలదీవి, సంగమస్నానమహిమచే కాకి హంసయైనదను పురాగాథకు నెలవు. వేణుగోపాలస్వామి కొలువైయున్న చోటు. మాఘపూర్ణిమనాడు దివిసీమ యంతయు తరలివచ్చి మునుగు తీరము. ఆ కడలియే 1977 నవంబరు 19వ తేదీన అయిదారు మీటర్ల యెత్తున లేచి, చెలియలికట్ట దాటి వచ్చి, సొర్లగొంది మొదలైన తీరపు పల్లెలను చూచుచుండగనే తుడిచిపెట్టినది. ప్రభుత్వము వేసిన లెక్క ప్రకారమే మృతులు పదివేలమందికి చేరువగ నుండిరి. లెక్కకెక్కనివారు ఎందరో ఆ కుటుంబములకే తెలియును. అట్టివారి స్మృతికి అంకితమైన ఈ వేదికపై దండీలు, బస్కీలు, కుస్తీ గోదాలు, ఇనుప బరువులు మొదలైనవానిని గూర్చి మాటలాడబూనుట కొందరికి విడ్డూరముగ తోచవచ్చును. కాని యెంతో ఆలోచించియే ఈ విషయము నెన్నుకొంటిని. ఇంటికిని పనికిని వెలుపల, ఊరివారు దినదినమును కలిసికొని, ఒకరి బలము నొకరు ఎరిగి, ఒకరి భారమునకొకరు చేయి అందించు అలవాటు పడిన తావు ఏ యూరికి గలదో, ఆ యూరు ఆపదనాడు ఒంటరి మనుష్యుల గుంపుగాక ఊరుగనే నిలుచునని నా విశ్వాసము. అట్టి తావులలో వ్యాయామశాల మిక్కిలి యోగ్యమైనదనియు, దానిని మనము మరచితిమనియు, మరల నిలుపుకొనవలయుననియు నేటి నా మనవి.

మన ప్రాంతపు మనిషికి రెండు తావులు తప్పనివి. మొదటిది ఇల్లు. రెండవది పని, అది సార్వా దాళ్వాల పొలము కావచ్చును, వేటకు పోవు పడవ కావచ్చును, రొయ్యల చెరువు కావచ్చును, బందరులోని రోల్డుగోల్డు నగల కార్ఖానా కావచ్చును, గుడివాడ బజారులోని కొట్టు కావచ్చును. ఇంటిలో మనిషి తండ్రిగనో, కొడుకుగనో, కోడలిగనో ఉండును. పనిలో ఆసామిగనో, కూలిగనో, గుమాస్తాగనో ఉండును. ఈ రెండింటను అతని స్థానము ముందే నిర్ణయమైయుండును, మాట యెంతవరకో, మౌనమెంతవరకో కూడ నిర్ణయమైయుండును. ఈ రెంటికిని చెందని మూడవ తావు ఒకటి మానవునకు కావలయుననియు, అచటికి పిలుపు లేకయే పోవచ్చుననియు, పోయినవానిని హోదా అడుగరనియు, నిత్యము కనబడు ముఖములే అచటి సంపదయనియు అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రకటించిన గ్రంథమున విపులముగ వివరించెను. ఆయన కాఫీ అంగళ్లను, క్షురకశాలలను, పుస్తకముల దుకాణములను ఉదాహరించెను. మనకును రచ్చబండ కలదు, రేవు కలదు, గుడి మండపము కలదు, టీకొట్టు బల్ల కలదు. అయినను నిష్కర్షగ చెప్పుకొందము: రచ్చబండపై కూర్చుండు హక్కు అందరికిని ఉండెడిది కాదు, గుడి మండపము మెట్లెక్కు హక్కు కొందరికి నిన్న మొన్నటిదాక లేదు, టీకొట్టులో సహితము కొన్ని యూళ్లలో గ్లాసులు వేరుగ నుండెడివి. మాట మాత్రమే జరుగు తావులలో, మాటకారితనము గలవాడును, కులము గలవాడును పైచేయి యగుట సహజము. శరీరమునకు పని చెప్పు తావులో ఆ యధికారము కొంత సడలును. బరువునకు ఎత్తువాని యింటిపేరు తెలియదు.

పూర్వపు వ్యాయామశాలయైన తాలింఖానా ఎట్లుండెడిదో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. ఊరి చివరనో, చెరువు గట్టుననో తాటాకు పాక, నడుమ గోదా, గోడవారగా ముద్గరములు, సంగడములు, నునుపుదేరిన రాతిగుండ్లు, గూటిలో ఆంజనేయుని పటము, దానిముందొక ప్రమిద. గోదాలోని మన్ను సాధారణమైన మన్ను కాదు. దానిని గుల్లచేసి, జల్లెడ పట్టి, గవ్వయు గాజుపెంకును లేకుండ ఏరి, నూనెయు పసుపును కలిపి మెత్తన చేయుదురు. ఒకదినము తిరుగవేయకున్న అది గట్టిపడును, గట్టిపడిన మంటిపై పడినవాని భుజము తప్పును. కావున క్రొత్తగ చేరిన పిల్లవానికి గురువైన వస్తాదు మొదట పట్టు చెప్పడు, చేతికి పార యిచ్చును. కోడికూతవేళ వచ్చి, చెప్పులు బయట విడిచి, మన్ను కన్నుల కద్దుకొని, గోదా నంతయు త్రవ్వి తిరుగవేయుట అతని తొలి కసరత్తు. వెన్నును, బాహువులును, తొడలును దానిచే గట్టిపడును; అదియు గాక, తాను త్రవ్విన మంటిపై తోటివారందరు పడుదురనియు, వారి యెముకల క్షేమము తన పారలో నున్నదనియు ఆ పసివానికి మొదటి వారములోనే తెలిసివచ్చును. పౌరధర్మమును ఇంత సులువుగ, ఇంత లోతుగ బోధించు పాఠశాలను నేనెరుగను.

కుస్తీకి రెండవ మనిషి కావలయును. ఎంతటి జెట్టియైనను ఒంటరిగ దానిని అభ్యసింపలేడు. ఎదుటివాని దేహమే అతనికి ఉపకరణము, దానిని పాడుచేసికొనిన తన సాధనకే హాని. అందుచే బలవంతుడు బలహీనునితో జోడు కలిసినపుడు తన బలమును తూచి వాడవలెననుట వస్తాదు శాసనము. వస్తాదు హిందువైనను, ముసల్మానైనను శిష్యులకు గురువే. దసరా ఊరేగింపులో కర్రసాము చేసిన పిల్లలే మొహర్రమునాడు పీర్ల ముందు కత్తిసాము చేసిన ఊళ్లు తెలుగుదేశమున అనేకములు. ఉత్తరాంధ్రమున ఈ సాము విద్యనే గరిడీ యందురు.

ఇది మన యొక్కరి సొత్తు కాదు. ప్రాచీన గ్రీసు దేశమున యువకులు పరుగులు తీసి, మల్లయుద్ధము చేసిన వ్యాయామభూములలోనే ప్లేటో తన అకాడమీని, అరిస్టాటిల్ తన లైసియమును నెలకొల్పిరి. దేహ మలసియున్న చోటనే తత్త్వచర్చయు సాగినది. ఇరాను దేశపు జూర్‌ఖానేలలో ఎనిమిది మూలల గుంటలో దిగి మల్లులు ముద్గరములు త్రిప్పుచుండగ, గట్టుపైనుండి గురువు డోలు వాయించుచు పద్యములు గానము చేయును. గుమ్మము పొట్టిగనుండుటచే లోనికి వచ్చు ప్రతివాడును తల వంచియే రావలెను. పేటలో ఎవరికైన కష్టము వచ్చినపుడు అచటనే సభచేసి చందాలెత్తి సహాయము చేయుదురు. ఈ సంప్రదాయమును యునెస్కో 2010లో మానవాళి వారసత్వముగ గుర్తించెను. జర్మనీ దేశమున ఫ్రీడ్రిక్ యాన్ 1811లో బెర్లిను నగరపు వెలుపల ఆరుబయట వ్యాయామభూమిని తెరచినపుడు, పరాజితమైయున్న ఒక జాతి తన్ను తాను మరల కూడదీసికొనుటకు అది ఆరంభమయ్యెను.

మన దేశమునను పరాధీనత మనస్సును వంచిన దినములలో వ్యాయామశాల దానిని నిటారుగ నిలుపజూచినది. వంగదేశపు అనుశీలన సమితి 1902లో ప్రారంభమైనపుడు వ్యాయామ సంఘముగనే కనబడినది. కర్రసామునకు వచ్చిన యువకులే పిమ్మట స్వాతంత్ర్యదీక్షాపరులైరి. ఆ గాలి 1907లో బిపిన్ చంద్రపాలుని వెంట తెలుగుదేశమునకు వీచినది. ఆయన బందరు ప్రసంగముల వేడిమి చల్లారకమునుపే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు పూనుకొని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. చేతిపనిని చదువునకు జోడించిన ఆ విద్యాలయము, దేహమును హీనముగ జూచు విద్య విద్యయే కాదని చాటినది. ఆ కాలముననే విజయనగరమున కోడి రామమూర్తి నాయుడు గారు, మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది వచ్చి, పాఠశాలలో డ్రిల్లు మాస్టరై, తదుపరి సర్కసు నెలకొల్పి, ఛాతీ పొంగించి యినుపగొలుసులు త్రెంచుటచేతను, కదలబోవు మోటారుకార్లను నిలిపివేయుటచేతను కలియుగ భీముడను బిరుదమును సార్థకము చేసికొనిరి. ఆయనను చూచి తెలుగునాట ఊరూర బాలురు గుండ్లెత్తనారంభించిరి.

మన కృష్ణా మండలము సైతము ఒక భీముని కన్నది. ఉయ్యూరు చెంత గండిగుంట గ్రామమున 1916లో జన్మించిన దండమూడి రాజగోపాలరావు గారు బరువులెత్తు విద్యలో భారతదేశమునకు ప్రాతినిధ్యము వహించి, 1951లో ఢిల్లీ నగరమున జరిగిన మొదటి ఆసియా క్రీడలలో పతకము నందిరి. వారిని మీలో పెద్దలు మరియొక రూపమున చూచియుందురు: 1963 నాటి 'నర్తనశాల' చలనచిత్రమున భీముడు వారే. డెల్టా పల్లెలో వరిచేలనడుమ పెరిగిన దేహము దేశదేశముల వేదికలపై నిలిచి, పిమ్మట వెండితెరపై భీమసేనుడై తెలుగువారి ఊహలో శాశ్వతముగ కుదురుకొనుట సామాన్యమైన విషయము కాదు. విజయవాడలోని ఇండోర్ స్టేడియమునకు వారి పేరు పెట్టియున్నారు. అయితే పెద్ద భవనమునకు పేరు పెట్టుటతో ఋణము తీరదు. వారు పుట్టినవంటి పల్లెలలో, పదునారేండ్ల పిల్లవాడు సాయంత్రము పోయి బరువు పట్టుకొనుటకు ఒక పాకయైన నున్నదా యని అడిగికొనవలెను.

పూర్వపు తాలింఖానాలను పొగడునపుడు వాని దోషములను దాచుట మృతులయెదుట తగదు. అచట స్త్రీలకు ప్రవేశము లేదు. పలుచోట్ల దళితులకును లేదు. వారు తమ వాడలో తామే వేరుగ గోదా త్రవ్వుకొనవలసివచ్చెను. కొన్ని వ్యాయామశాలలు వస్తాదు చేతినుండి జారి, ఊరి పెత్తందార్లకు కర్రలు పట్టు మనుష్యులను తయారుచేయు శిబిరములైనవి. ఎన్నికలనాడు బెదిరింపునకును, తగవులనాడు దౌర్జన్యమునకును వారిని వాడుకొనిరి. గౌరవనీయులైన కుటుంబములు తమ బిడ్డలను అటువైపు పోనీయకుండుటకు కారణమిదియే. వ్యాయామశాల మూతపడినది బలమును జనులు రోయుటచే కాదు; అందరిదైన బలము కొందరి చేతి కర్రయగుటచే. కావున దానిని మరల తెరచువారు మొదటి దినముననే తలుపు అందరికిని తెరువవలెను.

తలుపు తెరచిన చోట ఏమి జరిగినదో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట చూపించినది. ఆ చిన్నపల్లెలో నీలంశెట్టి అప్పన్న గారను శిక్షకుడు సాధారణమైన పాకలో ఇనుప బరువులు పెట్టి, ఆడపిల్లలకును నేర్పెను. కరణం మల్లీశ్వరియు, ఆమె అక్కచెల్లెండ్రును అచట సాధన చేసిరి. ఆమె 1994, 1995 సంవత్సరములలో ప్రపంచవిజేతయై, 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకమందిన మొదటి భారతీయ మహిళగ చరిత్రకెక్కినది. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇండ్లకిండ్లే బరువులెత్తు విద్య నభ్యసించినవి. ఆ యూరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో పతకము తెచ్చినది. మనకు మరింత చేరువనున్న స్టువర్టుపురమును చూడుడు. ఎరుకలవారిని నేరస్థజాతియని ముద్రవేసి, పరదేశ ప్రభుత్వము 1913లో నిర్బంధముగ నివసింపజేసిన ఊరది. పుట్టుకతోడనే పోలీసు పట్టీకెక్కిన జనుల యూరు. ఆ యూరి బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో బరువులెత్తి స్వర్ణపతకము గెలిచెను. పతకము ఒక్కని మెడలో పడును. కాని దినదినమును ఒకచోట చేరి చెమటోడ్చు అలవాటు పడిన పల్లెకు తన్ను తాను చూచుకొను చూపే మారును. ఆ మార్పు కొరకే నేను వ్యాయామశాలను కోరుచున్నాను. పతకము వచ్చిన సంతోషము, రాకున్న చింత లేదు.

ఇక నేటి జిమ్ములు. బందరునందును, గుడివాడయందును అద్దాల గోడలతో, విద్యుద్దీపములతో, యంత్రములతో జిమ్ములు వెలసినవి. అవనిగడ్డవంటి చిన్న పట్టణములకును ఆ యలవాటు పాకినది. వానిని నిందింపను. తాలింఖానా చేయలేని రెండు పనులు అవి చేసినవి: స్త్రీలకు తలుపు తెరచినవి, నెలరుసుము చెల్లించినవాని కులమును అడుగుట మానినవి. అచట నేను గమనించిన దృశ్యమొకటి చెప్పెదను. ఒక యువకుడు బల్లపై వెల్లకిల పరుండి, బరువైన ఇనుపకడ్డీని ఛాతీపైనుండి పైకెత్తుచుండును. చివరి యెత్తునకు చేతులు వణకును. ఆ కడ్డీ జారిన మెడపై పడును. కావున అతడు పరుండుటకు ముందే ప్రక్కనున్నవానిని, పేరైనను తెలియనివానిని, "అన్నా, ఒకసారి సపోర్టు ఇవ్వవా?" యని పిలుచును. ఆ అపరిచితుడు తన కసరత్తు ఆపి, తలవైపు నిలిచి, కడ్డీ క్రింద రెండు అరచేతులను తాకీ తాకకుండ పట్టియుంచును. ముందే పట్టుకొనిన ఎత్తువాని శ్రమ వ్యర్థము. ఆలస్యముగ పట్టుకొనిన ప్రాణాపాయము. ఎప్పుడు విడువవలెనో, ఎప్పుడు అందుకొనవలెనో తెలిసిన ఆ చేతులు గోదా త్రవ్విన పార చేతులకు వారసులు. మరుసటిదినము వారిరువురు పేరు పెట్టి పలుకరించుకొందురు. నెలదాటునప్పటికి ఒకరు రాకున్న రెండవవాడు ఫోను చేసి క్షేమమడుగును.

అయినను రెండు లోపములు నన్ను బాధించును. పలువురు చెవులకు పాట తగిలించుకొని, అద్దములో తమ్ము తామే చూచుకొనుచు వచ్చి పోవుచున్నారు. ప్రక్కవాడు వారికి కనబడుటలేదు. ఇక రుసుము కట్టగలిగినవానికే ఆ తలుపు తెరచియున్నది; వలలాగు బెస్తబాలుడును, నాట్లు వేయు ఇల్లాలును, పింఛనుపై బ్రతుకు ముదుసలియు దాని వెలుపలనే నిలిచియున్నారు. దేహకష్టము చేయువారికి వ్యాయామమెందుకని కొందరందురు. నాటు వేయునది ఒకే భంగిమలో దినమంతయు వంగియుండును. ఆ నడుమునకు సరియైన కదలిక నేర్పువారు లేకపోవుటచేతనే నలువదేండ్లకే వంగిపోవుచున్నది. అందరికంటె ముందు ఆమెకే వ్యాయామశాల కావలయును. కబురు చెప్పుకొనుటకు, ఒక గంటసేపు ఎవరి భార్యగను, ఎవరి కూలిగను కాక తనకై తాను ఉండుటకు కూడ కావలయును.

ఇప్పుడు ఉప్పెన విషయమునకు వత్తును; ముందుగ మరియొక విపత్తు నుదాహరింతును. 1995 జులైలో అమెరికా దేశపు షికాగో నగరమున భయంకరమైన వడగాడ్పులు వీచి, సుమారు 739 మంది అదనముగ మరణించిరి. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఆ మరణములను పేటపేటకు పరిశీలించి, పేదరికము ఇంచుమించు సమానముగనున్న ఇరుగుపొరుగు పేటలలోనే మరణములు మిక్కిలి భిన్నముగ నుండుట గమనించెను. అంగళ్లును, చేరుచోట్లును పాడై జనులు తలుపులు మూసికొని బ్రతుకు పేటలో ముసలివారు ఒంటరిగ మరణించిరి. వీథులలో జనసంచారము, కూడలి, పలుకరింపు ఉన్న పేటలో బ్రతికిరి. రెండు పేటలును ఒక్క నగరమునకు చెందినవైనను, తలుపు తట్టు మనిషి ఒకచోట నుండెను, మరియొకచోట లేకుండెను.

ఉప్పెన వడగాడ్పు వంటిది కాదు. ఆ యలను ఏ వస్తాదు బాహువులును ఆపజాలవు, ఆనాడు మరణించినవారు తమ బలహీనతచే మరణించిరని ఎవ్వరును తలపరాదు. ముందస్తు హెచ్చరిక, దృఢమైన భవనము, రహదారి లేకపోవుటయే నాటి ప్రధాన కారణము. పిమ్మట అవి కొంతవరకు సమకూడినవి. తీరమున తుపాను రక్షణ భవనములు లేచినవి. కాని హెచ్చరిక వచ్చిన పిమ్మట, అల వచ్చుటకు మునుపు నడుమ కొన్ని గంటలు గలవు. ఆ గంటలలో మంచముపట్టిన అవ్వ ఏ యింటిలో నున్నదో ఎవరికి తెలియును? ఆమెను మోయగలవారెవ్వరు? బిడ్డతల్లిని నీటిలో నడిపింపగలవారెవ్వరు? ఏ యిద్దరు కలిసి తాడు పట్టిన పట్టు వీడదో ఎవరు ఎరుగుదురు? ఇవి కలెక్టరు కచేరీ పట్టికలో దొరకవు. దినదినమును కలిసి బరువులెత్తినవారికే, ఎవని భుజమెంత మోయునో, ఎవనికి గుండెనిబ్బరమెంతయో తెలియును.

కావున నా సూచనలు చెప్పి ముగించెదను. మన తాతల తరమువారు గ్రంథాలయోద్యమము నడపిరి. 1914లో విజయవాడయందు మొదటి మహాసభ జరిపి, అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి దీక్షాపరుల వెంట ఊరూర పుస్తకభాండాగారములు నెలకొల్పిరి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలపై పడవలో గ్రంథాలయమును నడపి, పడవ ప్రయాణికులకు చదువు అందించిరి. వ్యాయామశాలకు అట్టి ఉద్యమము రాలేదు, ఇప్పుడు రావలెను. క్రొత్త భవనములకై వేచియుండనక్కరలేదు. తుపాను రక్షణ భవనములు ఏడాదిలో పెక్కుదినములు ఖాళీగనుండును. వానిలో ఒక గదిని ఉదయసాయంకాలములు వ్యాయామమునకు తెరచినచో, భవనమును శుభ్రముగనుంచు చేతులు దొరకును, దాని తాళము ఎవరియొద్దనున్నదో ఊరందరికి తెలిసియుండును, ఆపదనాడు పిల్లలు సైతము కన్నులు మూసికొని దారి చూపగలరు. స్త్రీలకు ప్రత్యేక సమయమును, స్త్రీ శిక్షకురాలును ఉండవలెను. అరువదేండ్లు దాటినవారికి బరువులు లేని కసరత్తును, గోడవార బల్లను ఏర్పరుపవలెను. రుసుము పెట్టవలదు, దానికి బదులు వారమునకొక గంట ఊరి పని చేయవలెనను నియమము పెట్టుడు, పూర్వము పార పట్టినట్లు. వస్తాదునకు పంచాయతీ గౌరవవేతన మీయవలెను. ఏ పార్టీ జెండాయు ఆ గోడపై ఎగురరాదు. ఏడాదికి రెండుసార్లు, తుపానుల కాలమునకు ముందు, అచటి సభ్యులే మోత, తాడుపట్టు, ఈత, ప్రథమచికిత్స అభ్యసించి ఊరివారికి చూపవలెను.

మహనీయులారా! మృతులకు రాతిస్తంభములు కట్టితిమి, పూలమాలలు వేయుచున్నాము, అది ధర్మమే. కాని వారికి మనము చెల్లింపవలసిన పెద్దఋణము, బ్రతికియున్నవారిని ఒకరికొకరు తెలిసినవారినిగ చేయుట. వచ్చు ఏడాది ఈ సభ జరుగునాటికి ఈ తీరమున ఒక్క పల్లెలోనైన, అన్ని కులముల ఆడమగవారు చేరు ఒక్క వ్యాయామశాల తెరచియుండవలెనని మిమ్ము అడుగుచున్నాను. దానికి స్థలమిచ్చువారు, ఇనుము కొనియిచ్చువారు, నేర్పువారు నేడే ముందుకు వచ్చి మీ పేర్లు చెప్పుడు.